రెండు ల్యాబ్ వ్యవస్థలు, ఒకే రోగి రికార్డు: హెచ్‌ఎల్7 వీ2 నుంచి ఫైర్‌కు మార్చిన పని డైరీ

పని ఇది. రెండు వేర్వేరు ల్యాబ్ సాఫ్ట్‌వేర్లు హెచ్‌ఎల్7 వెర్షన్ 2 (వీ2) సందేశాలు పంపుతాయి. ఆసుపత్రి సాఫ్ట్‌వేర్లు సమాచారం పంచుకునే పాత ప్రమాణం అది. వాటిని ఫైర్ అనే కొత్త ప్రమాణపు ఆర్4 వెర్షన్ రిసోర్సులుగా (ఒక్కో రకం రికార్డుగా) మార్చి ఒకే సర్వర్‌లో పెట్టాలి. రోగి పాత ఫలితం ఒక వ్యవస్థలో, కొత్తది ఇంకో వ్యవస్థలో ఉన్నా డాక్టరు తెరిస్తే రెండూ పక్కపక్కన కనబడాలి. ఒకటో వ్యవస్థ 2.3 వెర్షన్ పంపుతుంది, రెండోది 2.5.1. ఫైర్ ఆర్5 2023లోనే వచ్చినా ఆర్4నే ఎంచుకున్నాం. పేషెంట్ (రోగి), అబ్జర్వేషన్ (ఒక్కో ఫలితం) రిసోర్సులు ఆర్4లో నార్మేటివ్ స్థాయికి, అంటే ఇక పెద్దగా మారని స్థాయికి, చేరాయి, అవతలి వ్యవస్థల్లో ఎక్కువ భాగం దాన్నే అర్థం చేసుకుంటాయి.

లెక్కకు పెట్టుకున్న సరుకు: 300 పరీక్ష సందేశాలు. అందులో 180 ఓఆర్‌యూ^ఆర్01 (ల్యాబ్ ఫలితాలు), 90 ఏడీటీ^ఏ08 (రోగి వివరాల మార్పు), 30 ఏడీటీ^ఏ40 (రెండు రోగి నంబర్లను ఒకటి చేయడం). ఫలితాల సందేశాల్లో మొత్తం 1,140 ఓబీఎక్స్ లైన్లు. సందేశంలో ఒక్కో లైనును సెగ్మెంటు అంటారు, ఓబీఎక్స్‌లో ఒక ఫలితం ఉంటుంది. ఓబీఎక్స్-5 అంటే అందులో ఐదో ఫీల్డు. పేర్లు, నంబర్లు కల్పితం. తప్పులు మాత్రం ఫీడ్‌లో వచ్చే తీరులోనే ఉంచాం.

"పాస్" అంటే సర్వర్ 201 (రికార్డు సృష్టించాను అనే జవాబు) ఇవ్వడం కాదు. సర్వర్ నుంచి రికార్డు వెనక్కి తీసి అసలు సందేశం పక్కన పెడితే విలువ, యూనిట్, రోగి, సమయం, స్థితి ఏదీ మారి ఉండకూడదు. ఈ నిర్వచనం మొదటి రోజే రాసిపెట్టుకోండి. మేం ఆలస్యంగా రాశాం, మొదటి రెండు దశల లెక్కలు మళ్లీ వేయాల్సి వచ్చింది.

సామగ్రి: పోస్ట్‌గ్రెస్ మీద నడిచే హాపీ ఫైర్ సర్వర్, హెచ్‌ఎల్7 ఫైర్ వాలిడేటర్ (రికార్డు నిర్మాణం సరిచూసేది), యూకమ్ (యూనిట్లు రాసే ప్రమాణం) ప్రకారం యూనిట్లను తనిఖీ చేసే లైబ్రరీ, లాయింక్ (పరీక్షల ప్రామాణిక కోడ్‌లు) టేబుల్, హెచ్‌ఎల్7 ప్రచురించిన వీ2-టు-ఫైర్ మ్యాపింగ్ పట్టికలు, పైథాన్, ఒక హెక్స్ వ్యూయర్ (బైట్లను ఉన్నవున్నట్టు చూపేది). మొదటి రెండు దశల్లో అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది ఆ చివరిదే.

దశ 1: సందేశాన్ని సాకెట్ మీంచి దించుకోవడం

ఎంఎల్‌ఎల్‌పీ, అంటే సందేశం మొదలు, చివర తెలిపే కట్టు, చిన్నదే. ముందు ఒక బైటు హెక్స్ 0బీ, చివర రెండు బైట్లు హెక్స్ 1సీ, 0డీ. సాకెట్ నుంచి ఒకసారి చదివితే ఒక సందేశం వచ్చేస్తుందన్న లెక్కతో మొదటి కోడ్ రాశాం. చిన్న సందేశాలు బాగానే వచ్చాయి. పీడీఎఫ్ రిపోర్టును బేస్64లో ఓబీఎక్స్-5లో పెట్టి పంపిన సందేశం మాత్రం సగంలో తెగిపోయింది. మొదటి రన్‌లో 300లో 268 మాత్రమే పూర్తిగా వచ్చాయి.

మార్చినవి:

1. వచ్చిన బైట్లన్నీ బఫర్‌లో చేర్చి, 1సీ-0డీ జంట కనబడ్డాకే కోయడం. ఒకే చదువులో రెండు సందేశాలు కలిసి వస్తే రెండుగా విడదీయడం.
2. సెగ్మెంటు ముగింపు ప్రమాణం ప్రకారం హెక్స్ 0డీ ఒక్కటే. ఒకటో వ్యవస్థ 0డీ-0ఏ పంపుతోంది, కొన్నిచోట్ల వట్టి 0ఏ. మూడింటినీ ఒప్పుకుని లోపల 0డీగా మార్చుకున్నాం. అసలు బైట్లను మాత్రం ముట్టుకోకుండా పక్కన దాచాం.
3. మేం పంపే జవాబులోని ఎంఎస్‌ఏ-1లో ఏఏ (అందింది అని) పంపేది అసలు సందేశం డిస్కు మీద పడ్డాకే. మొదట్లో అందగానే ఏఏ పంపేవాళ్లం. పరీక్షలో ప్రాసెస్‌ను మధ్యలో చంపితే 4 సందేశాలు ఎవరి దగ్గరా లేకుండా పోయాయి. పంపినవాడికి ఏఏ అందింది కాబట్టి వాడు మళ్లీ పంపడు.

ఇక డూప్లికేట్ల గొడవ. జవాబు ఆలస్యమైతే పంపిన వ్యవస్థ అదే సందేశాన్ని మళ్లీ పంపుతుంది. అందుకని సందేశపు మొదటి సెగ్మెంటు ఎంఎస్‌హెచ్‌లో, ఎంఎస్‌హెచ్-10లోని కంట్రోల్ నంబరు ముందే చూసినదైతే పక్కన పడేసే నియమం పెట్టాం. అదే పెద్ద తప్పయింది. రెండో వ్యవస్థ ఆ కౌంటరును రోజూ అర్ధరాత్రి 1 నుంచి మొదలుపెడుతుంది. రెండో రోజు వచ్చిన కొత్త ఫలితాలన్నీ డూప్లికేట్ల కింద పోయాయి, ప్రతిదానికీ ఏఏ కూడా వెళ్లింది. ఇప్పుడు తాళం (ఒక సందేశాన్ని గుర్తుపట్టే కీ) ఇలా ఉంది: పంపిన వ్యవస్థ, కంట్రోల్ నంబరు, ఎంఎస్‌హెచ్ తీసేసిన మిగతా సందేశపు హ్యాష్ (విషయం మారితే మారిపోయే వేలిముద్ర లాంటి సంఖ్య). మూడూ కలిస్తేనే డూప్లికేట్. ఎంఎస్‌హెచ్‌ను హ్యాష్‌లోంచి తీసేయడానికి కారణం, మళ్లీ పంపేటప్పుడు ఎంఎస్‌హెచ్-7లోని సమయం మారిపోతుంది.

లెక్క: పూర్తిగా అందినవి 300/300.

దశ 2: ముక్కలు చేయడం

ఈ దశలో కొత్తగా చెప్పాల్సింది తక్కువ. నాలుగు విషయాలు గుర్తుంచుకుంటే చాలు.

1. విభజన గుర్తులను కోడ్‌లో పాతేయకండి. ఎంఎస్‌హెచ్‌లో నాలుగో అక్షరమే ఫీల్డు గుర్తు, ఆ తర్వాతి నాలుగు ఎంఎస్‌హెచ్-2.
2. ఆ గుర్తే ఎంఎస్‌హెచ్-1 కాబట్టి ఈ ఒక్క సెగ్మెంటులో లెక్క ఒకటి జరుగుతుంది. మిగతా సెగ్మెంట్లకు రాసిన కోడ్‌తో చదివితే పంపిన యాప్ పేరు రావాల్సిన చోట ఆసుపత్రి పేరు వస్తుంది.
3. ముందు కోయాలి, తర్వాతే ఎస్కేప్‌లు విప్పాలి. వ్యాఖ్యలో \టీ\ అని వస్తే అది & గుర్తు. ముందే విప్పితే ఆ & దగ్గర ఫీల్డు రెండు ముక్కలవుతుంది. \.బీఆర్\ అంటే కొత్త లైను, దాన్ని అలాగే వదిలేస్తే డాక్టరు తెర మీద కనబడుతుంది.
4. ఎంఎస్‌హెచ్-18 ఖాళీగా ఉంటే ప్రమాణం ప్రకారం ఆస్కీ. వచ్చిన బైట్లు మాత్రం విండోస్-1252. మైక్రో గుర్తు, డిగ్రీ గుర్తు చెడిపోయాయి. ఏ మూలం ఏ ఎన్‌కోడింగ్ పంపుతుందో కాన్ఫిగ్‌లో రాసి, డీకోడ్ కాని బైటు వస్తే సందేశాన్ని ఆపేస్తున్నాం. ప్రశ్నార్థకం పెట్టి ముందుకు నెట్టే పద్ధతి మానేశాం.

లెక్క: సరిగ్గా విడిపోయినవి మొదట 271/300, చివరికి 300/300.

దశ 3: ఈ నంబరు ఎవరిది?

రెండు వ్యవస్థల్లోనూ 12345 అనే రోగి ఉన్నాడు. ఇద్దరూ వేర్వేరు మనుషులు. ఈ ఒక్క వాక్యం చుట్టూ ఈ దశ మొత్తం నడిచింది.

రోగి వివరాల సెగ్మెంటులోని పీఐడీ-3 లో నంబరుతోపాటు దాన్ని ఎవరు ఇచ్చారో నాలుగో భాగంలో, అది ఏ రకమో ఐదో భాగంలో ఉండాలి. రెండో వ్యవస్థ అన్నీ నింపుతుంది. ఒకటో వ్యవస్థ వట్టి నంబరు పంపుతుంది. ఫైర్‌లో ఐడెంటిఫయర్‌కు సిస్టమ్, వాల్యూ అని రెండు గడులుంటాయి. సిస్టమ్ ఖాళీగా వదిలినా వాలిడేటర్ ఏమీ అనదు. ఆ తర్వాత నంబరుతో వెతికి అప్‌డేట్ చేసే కండిషనల్ అప్‌డేట్ నడిపితే రెండు ఫలితాలు జరగొచ్చు. ఇద్దరు రోగులు దొరికితే సర్వర్ 412 (షరతు కుదరలేదు అనే జవాబు) ఇచ్చి ఆపుతుంది, అది మంచిదే. ఒక్కరే దొరికితే, ఆ ఒక్కరు వేరే ఆసుపత్రి మనిషైనా సరే, వివరాలు మార్చేస్తుంది. పరీక్షలో ఇలా 3 రికార్డులు ఒకరివి ఇంకొకరి మీద పడ్డాయి. మూడింటికీ 200 (విజయం అనే జవాబు) వచ్చింది. ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా ప్రమాదకరమైన తప్పు ఇదే అని మా అభిప్రాయం.

చేసిన మార్పులు:

1. నంబరు ఇచ్చే ప్రతి సంస్థకు ఒక యూఆర్ఐ కేటాయించి పట్టికలో రాశాం. పీఐడీ-3 నాలుగో భాగం ఖాళీగా ఉంటే ఎంఎస్‌హెచ్-4 (పంపిన సంస్థ) చూసి పట్టిక నుంచి తీసుకుంటాం. పట్టికలో లేని సంస్థ వస్తే సందేశం ఆగుతుంది.
2. సిస్టమ్ లేకుండా వెతకడాన్ని కోడ్ స్థాయిలోనే నిషేధించాం.
3. నంబరును ఎక్కడా అంకెగా మార్చం. 00012345, 12345 వేర్వేరు. సీఎస్‌వీ ఫైలు స్ప్రెడ్‌షీట్‌లో తెరిచి సేవ్ చేసినప్పుడు ముందు సున్నాలు రాలిపోయి 7 పోలికలు తప్పాయి.
4. రెండు వర్కర్లు ఒకేసారి ఒకే కొత్త రోగిని సృష్టించాయి. ఇఫ్-నన్-ఎగ్జిస్ట్ హెడర్ (లేకపోతేనే సృష్టించు అనే షరతు) డేటాబేసులో తాళం వేయదు. ఇద్దరూ వెతికారు, ఇద్దరికీ దొరకలేదు, ఇద్దరూ రాశారు. ఆ తర్వాత ఆ రోగికి వచ్చిన ప్రతి సందేశం 412. ఇప్పుడు సిస్టమ్, వాల్యూ కలిపి యూయూఐడీ వెర్షన్ 5 (అవే విలువలిస్తే ఎప్పుడూ అదే వచ్చే ఐడీ) తయారుచేసి, అదే రిసోర్స్ ఐడీగా నేరుగా పుట్ (ఆ ఐడీ కింద రాసే ఆదేశం) చేస్తున్నాం. ఎవరు ముందు వచ్చినా అదే ఐడీ.

ఆ తర్వాత దొరికింది ఖాళీ ఫీల్డు తప్పు. వీ2లో ఫీల్డు ఖాళీగా ఉంటే "దీని గురించి ఏమీ చెప్పడం లేదు" అని అర్థం. రెండు కొటేషన్ గుర్తులు ("") ఉంటే "ఉన్నది తీసెయ్" అని అర్థం. ఫైర్‌లో పుట్ అంటే రికార్డు మొత్తం కొత్తది పెట్టడం. ఏ08 లో చిరునామా ఒక్కటే మారి వచ్చింది, ఫోను గడి ఖాళీ. మా పుట్ ఫోను నంబరును తుడిచేసింది. ఇప్పుడు సర్వర్‌లో ఉన్నది చదివి, ఖాళీలను వదిలేసి, "" ఉన్నవి తీసేసి, మిగతావి మార్చి, చదివినప్పటి ఈట్యాగ్‌ను (రికార్డు వెర్షన్ గుర్తు) ఇఫ్-మ్యాచ్ షరతులో పెట్టి రాస్తున్నాం. మధ్యలో ఇంకెవరైనా మార్చి ఉంటే సర్వర్ ఒప్పుకోదు, మళ్లీ చదివి మొదలుపెడతాం.

పుట్టిన తేదీలో వట్టి సంవత్సరం వస్తే, ఉదాహరణకు 1952, దాన్ని జనవరి 1 చేయకండి. ఫైర్ తేదీలో 1952 అని ఒక్క సంవత్సరమే రాయొచ్చు. మేం జనవరి 1 చేసినప్పుడు తేదీతో పోల్చే నియమం నిజంగా ఆ రోజు పుట్టినవాళ్లతో కలిపేసింది.

విలీనం సంగతి. ఏ40 లో పీఐడీ-3 లో ఉన్నది మిగిలే నంబరు, ఎంఆర్‌జీ-1 లో ఉన్నది పోయే నంబరు. మొదటి కోడ్ దీన్ని తిరగేసింది. 30కి 30 తప్పు. సరిచేశాక పోయే పేషెంట్‌ను యాక్టివ్ కాదని గుర్తుపెట్టి, రీప్లేస్డ్-బై లింకు ఇచ్చాం. మిగిలే పేషెంట్‌కు రీప్లేసెస్ లింకు. పాత నంబరు కింద ఉన్న ఫలితాలను కొత్త నంబరుకు తిరగరాయలేదు. విలీనం పొరపాటని తేలి విడదీయాల్సి వస్తే ఏది ఎవరిదో చెప్పడానికి ఆధారం మిగలాలి. వెతికేటప్పుడు లింకులు చూసి రెండు ఐడీలతో వెతుకుతాం.

ఇంకా 6 మిగిలాయి. 4 సందేశాల్లో పోయే నంబరు మా సర్వర్‌కు ఎప్పుడూ రాలేదు. ఖాళీ పేషెంట్ ఒకటి సృష్టించి, యాక్టివ్ కాదని పెట్టి లింకు ఇచ్చాం, లేకపోతే ఆలస్యంగా వచ్చే పాత ఫలితానికి దారి ఉండదు. మిగతా 2 చుట్టు తిరిగే విలీనాలు: మొదట ఒకటి రెండోదానిలోకి, తర్వాత రెండోది ఒకటిలోకి. లింకుల వెంట వెళ్లే కోడ్ ఆగకుండా తిరిగింది. చుట్టు కనబడితే ఆపి, మనిషి చూసే వరుసలో పెడుతున్నాం.

లెక్క: ఏడీటీ సందేశాలు 118/120. ఆపి ఉంచినవి 2.

దశ 4: పరీక్ష పేరు ఒకటే, పరీక్ష ఒకటి కాదు

1,140 లైన్లలో 96 సొంత కోడ్‌లు కనబడ్డాయి. ఎన్నిసార్లు వచ్చిందన్న వరుసలో పేర్చి పైనుంచి లాయింక్‌కు జతచేశాం. పేరు చూసి జతచేస్తే తప్పు జరుగుతుంది. లాయింక్ కోడ్ ఆరు విషయాలు కలిస్తే వస్తుంది: ఏం కొలుస్తున్నాం, ఏ రకం కొలత, ఒక క్షణానిదా 24 గంటలదా, ఏ నమూనా, ఏ తరహా జవాబు, ఏ పద్ధతి.

గ్లూకోజ్‌నే చూడండి. సీరం లేదా ప్లాస్మాలో బరువు లెక్కన కొలిస్తే 2345-7. అదే నమూనాలో మోల్‌లలో కొలిస్తే 14749-6. వేలి చివర రక్తంతో గ్లూకోమీటర్ చూపిస్తే 41653-7. రెండు వ్యవస్థల్లోనూ సొంత కోడ్ "జీఎల్‌యూ", పేరు "గ్లూకోజ్". ఒకటి మిల్లీగ్రాముల్లో, ఇంకొకటి మిల్లీమోల్‌లలో ఇస్తుంది. కాబట్టి మ్యాప్ తాళంలో సొంత కోడ్ ఒక్కటే చాలదు. పంపిన వ్యవస్థ, సొంత కోడ్, నమూనా, యూనిట్ నాలుగూ ఉండాలి. దీనికి మ్యాప్ పట్టిక మొత్తం తిరగరాశాం.

స్ప్రెడ్‌షీట్ ఇక్కడ కూడా దెబ్బకొట్టింది. యాంటీబయాటిక్ పరీక్షల్లో అమికాసిన్ కోడ్ 12-5. ఫైలు తెరవగానే అది తేదీ అయిపోయింది. స్నోమెడ్ సీటీ (వైద్య పదాల కోడ్‌ల వ్యవస్థ) ఐడీలు 18 అంకెల దాకా ఉండొచ్చు, స్ప్రెడ్‌షీట్ 15 అంకెల తర్వాతివి సున్నాలు చేసేస్తుంది. లాయింక్‌కు చివర చెక్ అంకె ఉంటుంది, స్నోమెడ్ ఐడీకీ ఉంటుంది. మ్యాప్ లోడ్ అయ్యే ముందు రెండూ తనిఖీ చేసే స్క్రిప్టు పెట్టాం. కోడ్ గడులను మొదటినుంచీ టెక్స్టుగానే దిగుమతి చేసుకోండి.

సొంత కోడ్‌ను పారేయలేదు. అబ్జర్వేషన్ కోడ్‌లో లాయింక్ ఒక వరుస, సొంత కోడ్ ఇంకో వరుస, ల్యాబ్ రాసిన పేరు టెక్స్టులో. మ్యాప్ తప్పని రేపు తేలితే సరిదిద్దడానికి ఇదే ఆధారం.

లెక్క: జతపడినవి 88/96. మిగతా 8 కోడ్‌ల అర్థం ల్యాబ్ వాళ్లు చెప్పేదాకా సొంత కోడ్‌తోనే వెళ్తాయి. దగ్గరగా ఉన్న లాయింక్ పెట్టి పట్టిక నింపడం మాకు ఇష్టం లేదు. తప్పు కోడ్ తగిలించిన ఫలితం ట్రెండ్ గ్రాఫ్‌లో వేరే పరీక్ష పక్కన కలిసిపోతుంది.

దశ 5: విలువలు, యూనిట్లు

మొదటి రన్‌లో 1,140లో 874 సరిపోలాయి. తప్పిన 266 ఇలా విడిపోయాయి:

- యూనిట్ రాత తేడా: 131
- యూనిట్ రెండు ముక్కలైంది: 48
- అంకె గడిలో అంకె కానిది: 39
- యూనిట్ అసలు లేదు: 27
- వ్యాఖ్య పోయింది: 21

రాత తేడాల నుంచి మొదలుపెడదాం. మైక్రో గుర్తుకు యూనికోడ్‌లో రెండు రూపాలున్నాయి, మైక్రో సైన్ ఒకటి, గ్రీకు మ్యూ ఒకటి. కంటికి రెండూ ఒకటే, పోలిస్తే వేరు. యూకమ్ రెండూ వద్దని మామూలు చిన్న "యు" అక్షరం వాడుతుంది. యూకమ్‌లో చిన్న, పెద్ద అక్షరాల తేడా అర్థాన్నే మారుస్తుంది. మిల్లీగ్రాముల్లో మొదటి అక్షరం పెద్దదైతే మెగాగ్రాములు. రెండో వ్యవస్థ ప్లేట్‌లెట్లకు "వెయ్యి పర్ మైక్రోలీటర్" అనే అర్థంలో పెద్ద కే అక్షరం వాడుతుంది. యూకమ్‌లో పెద్ద కే అంటే కెల్విన్. "కెల్విన్ పర్ మైక్రోలీటర్" వ్యాకరణం ప్రకారం సరైన యూనిట్ కాబట్టి తనిఖీ దాటిపోయింది. "గిగా పర్ లీటర్" అనుకుని పంపిన పెద్ద జీ కూడా అంతే, యూకమ్‌కు అది గాస్, అయస్కాంత క్షేత్రపు యూనిట్. అందుకే వ్యాకరణ తనిఖీ సరిపోదు. ప్రతి లాయింక్ కోడ్‌కు ఒప్పుకునే యూనిట్ల జాబితా విడిగా పెట్టాం, అందులో లేనిది ఆగుతుంది.

ముక్కలైన 48 తెల్ల కణాల సంఖ్య, ప్లేట్‌లెట్ల లైన్లు. ఒకటో వ్యవస్థ యూనిట్‌ను 10^3 అని రాస్తుంది. వీ2లో ^ భాగాలను విడదీసే గుర్తు. మాకు అందిన యూనిట్ "10", తోక రెండో భాగంలోకి వెళ్లింది. పంపేవాళ్లు \ఎస్\ ఎస్కేప్‌తో పంపాలి, అది వాళ్ల వైపు మార్పు. అది జరిగేదాకా ఆ మూలానికి మాత్రమే, ఓబీఎక్స్-6 మొదటి భాగం సరిగ్గా "10" అయి రెండో భాగం అంకెతో మొదలైతే రెండూ అతికించి 10*3 గా మారుస్తున్నాం.

ఇక అంకె గడి. ఈ లైను దగ్గర్నుంచి చూడండి:

ఓబీఎక్స్|3|ఎస్‌ఎన్|జీఎల్‌యూ^గ్లూకోజ్^ఎల్||>^600|ఎంజీ/డీఎల్|70-99|హెచ్‌హెచ్|||ఎఫ్

రెండో ఫీల్డు ఎస్‌ఎన్, అంటే గుర్తుతో కూడిన అంకె. ఐదో ఫీల్డులో మొదటి భాగం > గుర్తు, రెండోది 600. అర్థం: యంత్రం కొలవగలిగిన హద్దు దాటింది. ఫైర్‌లో ఇది క్వాంటిటీ: వాల్యూ 600, కంపారేటర్ >. మా మొదటి కోడ్ రెండో భాగం ఒక్కటే తీసుకుని 600 అని రాసింది. "600 కన్నా ఎక్కువ" కాస్తా "600" అయింది. వాలిడేటర్‌కు తప్పేమీ కనబడలేదు. రేపు గ్రాఫ్‌లో ఈ 600, ఆ పక్కన నిజంగా కొలిచిన 580 చూసి, స్వల్పంగా పెరిగిందనుకునే అవకాశం ఉంది. ఒకటో వ్యవస్థ ఇదే విలువను రకం ఎన్‌ఎం (వట్టి అంకె) అని చెప్పి ">600" అని పంపుతుంది. అంకెగా మార్చబోతే విఫలమై విలువే లేని అబ్జర్వేషన్ వెళ్లింది. ఇప్పుడు రకం ఏదైనా గడిలో ఉన్నదాన్ని బట్టే చదువుతున్నాం. టైటర్ (నమూనాను ఎంత పలుచన చేశారో చెప్పే విలువ) 1:128 లాంటివి రేషియోగా (నిష్పత్తిగా) వెళ్తాయి. సూక్ష్మదర్శినిలో లెక్కపెట్టిన "5-10" లాంటి 15 లైన్లు చాలాకాలం ఆగాయి, దశ 7లో వాటికి దారి దొరికింది.

దశాంశాల్లో ఇంకో చిక్కు. ల్యాబ్ 5.60 అని పంపితే ఆ సున్నాకు అర్థముంది, అంత కచ్చితంగా కొలిచామని. జేసన్‌ను మామూలు ఫ్లోట్‌గా చదివితే 5.6 అవుతుంది. ఫైర్ ఆ కచ్చితత్వాన్ని కాపాడమంటుంది. పైథాన్‌లో డెసిమల్ రకం వాడితే చాలు.

పోయిన 21 వ్యాఖ్యలు ఎన్‌టీఈ సెగ్మెంట్లలో ఉన్నవి. పొటాషియం విలువ వెళ్లింది, కింద ఎన్‌టీఈలో ఉన్న "నమూనా హిమోలైజ్ అయింది" పోయింది. ఎర్ర కణాలు పగిలితే లోపలి పొటాషియం బయటికొచ్చి విలువ పెంచుతుంది. ఆ వాక్యం లేకుండా ఆ అంకె తప్పుదారి పట్టిస్తుంది. ఎన్‌టీఈ తనకు ముందున్న సెగ్మెంటుకు చెందుతుంది: ఓబీఎక్స్ తర్వాతది ఆ ఫలితానికి, ఓబీఆర్ (ఆర్డరు సెగ్మెంటు) తర్వాతది మొత్తం రిపోర్టుకు. మేం అన్నిటినీ రిపోర్టు చివర పోగేశాం. ఇప్పుడు ఫలితానివి అబ్జర్వేషన్ నోట్‌లోకి వెళ్తున్నాయి.

యూనిట్ లేని 27 లైన్లను నింపలేదు. గ్లూకోజ్ 5.6 అని ఉంది. మిల్లీమోల్‌లైతే 18.016తో గుణిస్తే దాదాపు 101 మిల్లీగ్రాములు. 5.6 మిల్లీగ్రాములే అయితే ప్రాణాపాయం. పక్కనున్న రిఫరెన్స్ హద్దు 3.9-5.6 చూస్తే మిల్లీమోల్‌లే అని మనకు అర్థమవుతుంది. అయినా కోడ్ ఊహించి యూనిట్ రాయకూడదు. ఒకసారి రాస్తే అది ల్యాబ్ చెప్పిందిగానే చలామణి అవుతుంది. ఆపి, ల్యాబ్‌కు జాబితా పంపాం.

యూనిట్లను ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చి దాచడం కూడా చేయం. వచ్చింది వచ్చినట్టు నిల్వ, మార్పు చూపించేటప్పుడే. 18.016, క్రియాటినిన్‌కు 88.4, హిమోగ్లోబిన్‌కు 10 అనే గుణకాలను అనుమానాస్పద విలువలు పట్టుకోవడానికి మాత్రమే వాడుతున్నాం.

లెక్క: ఓబీఎక్స్ లైన్లు 1,098/1,140. మిగిలినవి 42: యూనిట్ లేనివి 27, "5-10" తరహావి 15.

దశ 6: వరుస తప్పి వచ్చే ఫలితాలు

ఒక ఫలితం మూడుసార్లు రావచ్చు: ఓబీఎక్స్-11లో పీ (తాత్కాలికం), ఎఫ్ (తుది), సీ (సరిదిద్దింది). మూడూ ఒకే అబ్జర్వేషన్ మీద పడాలి. మొదట ఓబీఎక్స్-1 వరుస సంఖ్యను తాళంగా వాడాం. సరిదిద్దిన సందేశంలో ఒక్క లైనే వస్తే అది 1 అవుతుంది, వేరే పరీక్ష మీద కూర్చుంటుంది. ఇప్పటి తాళం: ఓబీఆర్-3 లోని ల్యాబ్ నంబరు, ఓబీఎక్స్-3 (పరీక్ష కోడ్), ఓబీఎక్స్-4 (ఉప సంఖ్య). చివరిదాన్ని వదిలేస్తే కల్చర్‌లో రెండు సూక్ష్మజీవులు పెరిగిన రిపోర్టులో రెండోది మొదటిదాన్ని తుడిచేస్తుంది.

పరీక్ష: 40 ఫలితాలు, ఒక్కోదానికి పీ, ఎఫ్, సీ మూడు సందేశాలు, వచ్చే వరుసలు ఆరు. మొత్తం 240 రన్‌లు.

1. చివర వచ్చిందే నిలుస్తుంది అన్న నియమంతో: 80/240. సీ చివర వచ్చిన వరుసలు ఆరింటిలో రెండే కాబట్టి సరిగ్గా అంతే రావాలి.
2. ఓబీఆర్-22, అంటే ఫలితం స్థితి మారిన సమయం, ఏది కొత్తదో అదే నిలుస్తుంది: 228/240. తప్పిన 12, నాలుగు ఫలితాలవి. వాటిలో ఎఫ్, సీ రెండింటికీ ఒకే నిమిషం ఉంది.
3. సమయం సమానమైతే సీ, ఎఫ్, పీ ఈ క్రమంలో పెద్దది: 240/240.

డబ్ల్యూ స్థితి వస్తే, అంటే తప్పు రోగి మీద పడిన ఫలితమని ల్యాబ్ చెబితే, డిలీట్ చేయం. ఎంటర్డ్-ఇన్-ఎర్రర్ అని మారుస్తాం. అప్పటికే ఆ ఫలితం చూసినవాళ్లకు అది ఏమైందో కనబడాలి.

సమయ మండలం: వీ2 సమయంలో ఆఫ్‌సెట్ తరచూ ఉండదు. ఫైర్‌లో గంటలు రాస్తే ఆఫ్‌సెట్ తప్పనిసరి. కోడ్ నడిచే సర్వర్ గడియారం యూటీసీ, దాన్నే అతికించాం, రాత్రి నమూనాల తేదీలు మారిపోయాయి. మూలానికి ఒక మండలం కాన్ఫిగ్‌లో పెట్టాం. ఇంకొకటి: సమయం సరిగ్గా అర్ధరాత్రి ఆరు సున్నాలతో వస్తే, అది చాలాసార్లు "తేదీ మాత్రమే తెలుసు" అని. ఒకటో వ్యవస్థ ఇలా పంపుతుందని నిర్ధారించుకున్నాక ఆ మూలానికి తేదీ మాత్రమే రాస్తున్నాం.

దశ 7: వాలిడేటర్ దాటాక

ఒక్కో సందేశానికి ఒక ట్రాన్సాక్షన్ బండిల్: పేషెంట్, డయాగ్నస్టిక్ రిపోర్ట్, అబ్జర్వేషన్లు, ప్రావెనెన్స్ (రికార్డు ఎక్కడినుంచి వచ్చిందో చెప్పేది). ట్రాన్సాక్షన్ అంటే అన్నీ పడతాయి లేదా ఏదీ పడదు. బ్యాచ్ రకం వాడినప్పుడు రిపోర్టు పడి, అందులోని రెండు ఫలితాలు పడలేదు. సగం రిపోర్టు పూర్తి రిపోర్టులాగే కనబడింది. ప్రావెనెన్స్‌లో అసలు సందేశం ఎక్కడ దాచామో, మ్యాప్ ఏ వెర్షనో రాస్తున్నాం. అసలు బైట్లు దాచినందువల్లే మ్యాప్ మారిన ప్రతిసారీ 300 మొదటినుంచి మళ్లీ నడపగలిగాం.

వాలిడేటర్ నిర్మాణం చూస్తుంది. పైన చెప్పిన కెల్విన్, 600, తప్పు రోగి, మూడూ దానికి ఒప్పే. అందుకే వెనక్కి తీసి పోల్చే స్క్రిప్టు రాశాం:

1. సర్వర్ నుంచి రిపోర్టు తీసి, ఒక్కో ఫలితాన్ని ఒక లైనుగా అచ్చువేయడం.
2. అసలు వీ2 సందేశాన్ని మా మార్పిడి కోడ్‌తో సంబంధం లేని చిన్న వేరే కోడ్‌తో అలాగే అచ్చువేయడం.
3. రెండింటినీ పక్కపక్కన పెట్టి తేడా చూడడం. తేడా ఉన్నవన్నీ, తేడా లేనివాటిలో కొన్ని ల్యాబ్ టెక్నీషియన్ చదవడం.

రెండో మెట్టులో వేరే కోడ్ తప్పనిసరి. మొదటిసారి ఒకే పార్సర్ రెండు వైపులా వాడాం, > గుర్తు రెండు వైపులా ఒకేలా పోయి తేడా సున్నా చూపించింది.

"5-10" లైన్లకు దారి కూడా టెక్నీషియన్ దగ్గరే దొరికింది. అది తీసివేత కాదు, సగటూ కాదు, సూక్ష్మదర్శినిలో ఒకసారి కనబడే ఒక్కో వృత్తంలో కనబడిన కణాల హద్దు. ఫైర్‌లో రేంజ్ రకం దానికోసమే ఉంది: లో 5, హై 10. 15 లైన్లూ వెళ్లాయి.

లెక్క: ఓబీఎక్స్ 1,113/1,140. ఏడీటీ 118/120. కోడ్‌లు 88/96. వరుస పరీక్ష 240/240.

మిగిలినవి

యూనిట్ లేని 27 లైన్లు ఒకటో వ్యవస్థలోని మూడు పరీక్షలవి. ఆ మూడింటికీ ల్యాబ్ సెటప్ పట్టికలో యూనిట్ గడి ఖాళీగా ఉందని వాళ్లు చూసి చెప్పారు. గడి నింపాక మా దగ్గరున్న పాత సందేశాలకు యూనిట్ అతికించం. ల్యాబ్ తిరిగి పంపిన సందేశాలనే నడుపుతాం, ఓబీఎక్స్-11లో సీ ఉందో లేదో ముందు చూసి. చుట్టు తిరిగే 2 విలీనాల్లో ఏ నంబరు మిగలాలో ఆసుపత్రి రికార్డుల విభాగం చెప్పాలి. 8 కోడ్‌లలో ఐదింటికి నమూనా ఏమిటో అడిగాం, మూడు వాడుకలో లేవని తెలిసింది.